జొన్నకు చేతుల మాట

నాగార్జునసాగర్ లాంచీ స్టేషన్ దగ్గర చేపలు వేయించి అమ్మే బండ్లు వరుసగా ఉంటాయి. నీళ్ల నడుమ ఉన్న కొండకు పోయొచ్చిన లాంచీ ఒడ్డుకు చేరి జనం మెట్లెక్కుతుంటే అన్ని బండ్లవాళ్లూ పిలుస్తారు గాని, అందరికంటే ముందు చెవిన పడేది బిక్షమ్మ గొంతే. "రాండ్రి బిడ్డా, పొద్దుగాల నీళ్లల్లకెళ్లి తీసిన చాపలు. జర కూసోండ్రి, ముండ్లు నేనే తీసి పెడ్త" అని ఆమె అంటే ఆకలి లేనివాళ్లు కూడా బల్ల మీద కూర్చుంటారు. చిన్నపిల్లలు వెంట ఉంటే నిజంగానే ముళ్లు తీసి పెడుతుంది. కారం ఎక్కువైందంటే మాత్రం ఒప్పుకోదు. "గది కారం కాదు, రుచి" అంటుంది.

యాభై ఆరేండ్ల మనిషి. డ్యాం కట్టేటప్పుడు రాయి కొట్టే పనికి వచ్చిన యాకోబు చిన్న బిడ్డ. పైలాన్ కాలనీలో పాత రెండు గదుల ఇంట్లో పుట్టింది, అక్కడే పెరిగింది, పెళ్లయ్యాక కూడా అక్కడే ఉండిపోయింది. భర్త డేవిడ్ ఇల్లరికం వచ్చాడు. ఆయన పుట్టి అనే గుండ్రటి బుట్ట పడవ మీద పోయి వల వేసి చేపలు తెస్తాడు, ఆమె వేయించి అమ్ముతుంది. పొద్దస్తమానం నీళ్ల మీద ఒక్కడే ఉండడం వల్లనో ఏమో, డేవిడ్‌కు మాట తక్కువ. "నా మాటలు గూడ మా ఇంటామెనే మాట్లాడ్తది" అని నవ్వుతాడు. ఒక్కతే బిడ్డ, మిర్యాలగూడలో సంసారం చేసుకుంటోంది. అట్లా ఇంట్లో మిగిలింది వీళ్లిద్దరు, వాకిట్లో ఎండే చేపలు.

చేపల బండి ఉన్న దగ్గర కుక్కలు ఉండకుండా ఉండవు. బిక్షమ్మ వాటిని దగ్గరికి రానిచ్చేది కాదు, అట్లని కొట్టేదీ కాదు. బండి కట్టేసే వేళకు తలకాయలన్నీ మోరీ అవతల కుప్ప పోసి, "తినుండ్రి, కొట్లాడకుండ్రి" అని చెప్పి వచ్చేసేది. ఆ తలకాయలు అడగడానికి వచ్చే భాగ్యశ్రీతో ఆమెకు పరిచయమైంది.

భాగ్యశ్రీ పశువుల దవాఖానలో పనిచేసే పిల్ల. బర్లకు, మేకలకు సూదులు వేయడం ఆమె నౌకరీ. దెబ్బలు తగిలిన కుక్కలను ఏరుకొచ్చి, మందు పెట్టి, ఫోన్లో ఫోటోలు పెట్టి, పెంచుకునే ఇల్లు వెతకడం ఆమెకున్న పిచ్చి. ఆ పిచ్చి అంటే బిక్షమ్మకు లోపల ఇష్టమే గాని పైకి ఎప్పుడూ తిట్టేది. "పెండ్లి సంబంధాలు చూసుకునే ఈడుల కుక్కలకు సంబంధాలు చూస్తున్నవా?" అనేది.

2024 వానకాలం మొదట్లో, ఒక మధ్యాహ్నం భాగ్యశ్రీ ఒళ్లో గోనెసంచి పెట్టుకొని ఆటో దిగింది. సంచిలోంచి తెల్లటి తలకాయ ఒకటి బయటికి వచ్చింది. ఒక కన్ను తేనె రంగు, ఒక కన్ను నీలం. రెండు నెలల కుక్కపిల్ల.

"కాలువల పడ్డది పెద్దమ్మా. సిమెంటు గోడ జారుడు గదా, పైకెక్క రాలె. షట్టర్ కాడ మెట్టు మీద నిలవడి వణుకుతాంది. ముంగటి కాలు బెణికింది, అంతే" అంది భాగ్యశ్రీ. ఆ తర్వాత గొంతు తగ్గించి, "ఎవరన్న పెంచుకునేటోళ్లు దొరికేదాంక మీ ఇంట్ల ఉండనియ్యవా?" అని అడిగింది.

"మా ఇంట్లనా? ఎండుచాపలు ఆరబెట్టే ఇంట్ల కుక్కనా? నీకు తెల్వి ఉన్నదా బిడ్డా?"

"మా కిరాయి ఇంటాయన కుక్క అంటెనే లొల్లి చేస్తడు. దవాఖానల పెడితే పెద్ద కుక్కలు పీకుతయి. కొన్ని దినాలే."

బిక్షమ్మ ఇంకేదో అనబోయింది. కుక్కపిల్ల సంచిలోంచి మెడ చాచి ఆమె వేళ్లు నాకింది. చేపల వాసనకే నాకింది గాని, బిక్షమ్మకు అనాల్సిన మాట గుర్తుకు రాలేదు.

"దీని పేరేంది?"

"జొన్న. తెల్లగున్నదని నేనే పెట్టిన. తీసుకపోయేటోళ్లు వాళ్లకు నచ్చింది పెట్టుకుంటరు."

సాయంత్రం పుట్టి ఒడ్డుకు తెచ్చిన డేవిడ్ బండి కింద పండుకున్న జొన్నను చూశాడు. చాలాసేపు చూసి ఒక్క మాట అన్నాడు.

"వల కొరుకుతది."

అన్నట్టే కొరికింది. వల ఒక్కటే కాదు, డేవిడ్ చెప్పులు, చీపురు, బిక్షమ్మ బైబిలు మీద కప్పిన గుడ్డ, అన్నీ కొరికింది. చేపల తట్టలో ఎక్కి కూర్చుంది. వాకిట్లో బోర్లించిన పాత పుట్టి కింద నీడలో మట్టి తవ్వుకుని, అదే తన ఇల్లు అనుకుంది. బిక్షమ్మ ఎటు పోతే అటు చీరకొంగు పట్టుకొని నడిచేది. డేవిడ్ తెగిన వల కుట్టుకుంటూ కూర్చుంటే వచ్చి ఆయన మోకాలి మీద గదవ ఆనించి పండుకునేది. డేవిడ్ కాలు తిమ్మిరెక్కినా కదిలేవాడు కాదు. "లేపరాదయ్యా" అని బిక్షమ్మ అంటే, "ఏమో, పండనియ్యి" అనేవాడు.

ఒక్కటే తంటా, పిలిస్తే రాదు. ముఖం చూసినప్పుడు ఉరికొచ్చేది, వెనక నుంచి ఎంత అరిచినా తిరిగి చూడదు. "నా గొంతు లాంచీ దాంక పోతది, గీ ముండ చెవులకు మాత్రం పోదు" అని బిక్షమ్మ ముద్దుగా తిట్టేది. పెంకి పిల్ల అని అందరూ అనుకున్నారు.

కాలు మానాక భాగ్యశ్రీ ఒక సంబంధం తెచ్చింది. హాలియా దగ్గర బత్తాయి తోట ఉన్న వెంకన్న అనే రైతు. తోటకు కావలి కావాలన్నాడు. మంచి మనిషి. వస్తూ వస్తూ సంచి నిండా బత్తాయిలు తెచ్చాడు, జొన్నను చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాడు. బిక్షమ్మ దానికి వేయించిన చేప ముక్కలు కట్టి ఇచ్చింది. ఆయన ట్రాలీ ఆటో మలుపు తిరిగేదాకా నిలబడి, లోపలికి వచ్చి, "ఇగ నిమ్మళం. చాపలు ఆరబెట్టుకోవచ్చు" అంది. ఆ రోజు చేపలు ఆరబెట్టలేదు.

వారం తిరగకముందే వెంకన్న మళ్లీ వచ్చాడు. జొన్న ట్రాలీలోంచి దూకి నేరుగా పుట్టి కిందికి దూరింది. వెంకన్న తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు.

"తప్పుగ అనుకోకు అమ్మా. కుక్క మంచిదే, ఎవ్వరి జోలికి పోదు. గని పిలిస్తే పలకది. నిన్న ట్రాక్టరు ఎనకకు తీస్తాంటే టైరు కాడ పండుకున్నది. హారన్ కొట్టినా లేవది. మా జీతగాడు ఉరికి గుంజిండు గాబట్టి బతికింది. నా చేతుల సచ్చిపోతే ఆ పాపం నేను మొయ్యలేను."

బిక్షమ్మ ఆయనను తప్పు పట్టలేదు. చాయ్ పోసి పంపింది. ఆ రోజు డేవిడ్ తెచ్చిన చేపల్లో పెద్దదాని ముక్క జొన్న గిన్నెలోకి పోయింది.

ఆగస్టులో పైనుంచి వరద వచ్చింది. డ్యాం నిండింది, గేట్లు ఎత్తుతారని కాలనీ అంతా ఎదురు చూస్తోంది. గేట్లు ఎత్తేముందు సైరన్ మోగుతుంది. డ్యాం దిగువన నది ఒడ్డున ఉన్నవాళ్లు తప్పుకోవడానికి మోగించే సైరన్ అది. ఆ మోతకు కాలనీలోని కుక్కలన్నీ మెడలెత్తి ఒకే రాగంలో ఏడుస్తాయి. బిక్షమ్మ చిన్నప్పటి నుంచి వింటున్న సంగతే.

ఆ పొద్దున ఆమె ఇంట్లో కత్తిపీట ముందు కూర్చొని చేపలు కోస్తోంది. జొన్న గడప దగ్గర డేవిడ్ చెప్పు మీద తల పెట్టి పండుకొని ఉంది. సైరన్ మోగింది. వీధి వీధంతా కుక్కలు ఊళ పెట్టాయి. పక్కింటి పిల్లలు చెవులు మూసుకొని నవ్వుకుంటూ బయటికి ఉరికారు.

జొన్న కదల్లేదు. చెవి కూడా ఆడించలేదు. కడుపు హాయిగా పైకీ కిందికీ ఆడుతోంది.

బిక్షమ్మ చేతిలో చేప అట్లాగే ఆగిపోయింది. లేచి, స్టీలు తాంబాళం తీసి, జొన్న తల వెనక నుంచి కింద పడేసింది. అది దొర్లి దొర్లి గణగణమంటూ ఆగింది. జొన్న నిద్ర చెడలేదు. అప్పుడు బిక్షమ్మ గది నడుమ కదులుతుండే నాపరాతి బండ దగ్గరికి పోయి, కాలెత్తి దాని మీద గట్టిగా దంచింది. నేల అదిరింది. జొన్న దిగ్గున లేచి ఆమె ముఖంలోకి చూసింది.

బిక్షమ్మ దాని పక్కన కూర్చుంది. ఆ బండ మీద అట్లా కాలు దంచి ఒకరిని లేపి ఆమెకు పదేండ్లు దాటింది.

బిక్షమ్మకు మార్తమ్మ అని ఒక అక్క ఉండేది, ఆరేండ్లు పెద్దది. పుట్టు చెవిటి, అందుకే మాట రాలేదు. అందరూ మూగామె అనేవాళ్లు. ఆ ఇంట్లో మాత్రం ఆమె మూగది కాదు. బొటనవేలు పెదవికి ఆనిస్తే నీళ్లు. అరచెయ్యి రొమ్ము మీద పెట్టుకుంటే ఆగు. రెండు చేతులూ గాలిని తన దిక్కు లాక్కుంటే రా. చిటికెన వేలు విదిలిస్తే వద్దు. ఏదన్నా నచ్చితే మార్తమ్మ చేతి వెనకవైపుతో తన చెంప తానే నిమురుకునేది. రుచైన కూరకూ అదే, మంచి చీరకూ అదే, చెల్లెలి మీద ప్రేమకూ అదే. ఈ సైగలు ఏ బడిలోనూ నేర్చినవి కావు. అక్కాచెల్లెళ్లు ఆటల్లో పుట్టించుకున్నవి, అమ్మా నాయినా వాళ్లను చూసి నేర్చుకున్నవి. బిక్షమ్మకు నోటి మాట కంటే చేతి మాటే ముందు వచ్చిందని వాళ్లమ్మ చెప్పేది. మార్తమ్మ కామెర్లతో చనిపోయాక ఆ మాట మాట్లాడేవాళ్లే లేకుండా పోయారు. అప్పటినుంచే బిక్షమ్మ గొంతు ఇంత పెద్దదయిందని డేవిడ్ అంటాడు.

డేవిడ్ ఒడ్డుకు రాగానే ఆమె ఎదురుపోయింది.

"జొన్నకు చెవులు ఇనవడయి."

"ఎవలు చెప్పిన్రు?"

"సైరన్ చెప్పింది. అక్కతోని ఒక్క ఇంట్ల పెరిగినదాన్ని, నాకే తెల్వకపాయె చూడు. ఇన్ని దినాలు పెంకిది, మొండిది అని తిడితి." ఆమె కండ్లు తుడుచుకుంది. "మా అక్కను గూడ బజార్ల గట్లనే అనేటోళ్లు."

డేవిడ్ వల భుజం మీంచి దించి, జొన్న ముందు కూర్చొని, దాని చెవులు రెండూ మెల్లగా పట్టుకొని చూశాడు. చెవులు మంచిగానే ఉన్నాయి. లోపల ఏముందో ఎవరికి తెలుస్తుంది?

భాగ్యశ్రీ వచ్చి చూసింది. వెనక నుంచి చప్పట్లు కొట్టింది, విజిల్ వేసింది. తెల్లగా, నీలం కన్నుతో పుట్టిన కుక్కల్లో కొన్నిటికి ఇట్లా ఉంటుందని చెప్పింది. ఆమె ముఖం వాడిపోయింది. "ఇగ దీన్ని ఎవలు తీసుకుంటరు పెద్దమ్మా?"

"గది తర్వాత చూద్దాం" అంది బిక్షమ్మ. "ముందుగాల దీనికి మాట నేర్పియ్యాలె."

ఆ మరునాటి నుంచే మొదలుపెట్టింది. చేప ముక్క చూపించి రెండు చేతులతో గాలిని లాక్కునేది, జొన్న వస్తే ముక్క పెట్టేది. నీళ్ల గిన్నె ముందు బొటనవేలు పెదవికి ఆనించేది. అన్నిటికంటే కష్టమైంది 'ఆగు'. అరచెయ్యి రొమ్ము మీద పెట్టుకొని బిక్షమ్మ నిలబడితే, జొన్న కూర్చున్నట్టే కూర్చొని, ముడ్డి నేల మీదనే ఉంచి మెల్లగా జరుగుతూ ముక్క దగ్గరికి వచ్చేది. బిక్షమ్మ నవ్వు ఆపుకోలేక పాఠం ఆపేసేది. అయినా పిల్లకు తెలివి ఉంది. కండ్లు ఎప్పుడూ మనిషి చేతుల మీదే ఉండేవి. కొద్ది రోజుల్లోనే అన్నీ పట్టేసింది. బిక్షమ్మ చెంప నిమురుకుంటే చాలు, తోకతోపాటు నడుమంతా ఊపేది.

డేవిడ్‌కు కూడా పాత సైగలు ఒక్కొక్కటి గుర్తుకొచ్చాయి. ఇరవై ఏండ్లకు పైన మార్తమ్మ చేతి బువ్వ తిన్నవాడు కదా. ఒక మధ్యాహ్నం పుట్టి ఇంకా నీళ్ల మీదే ఉండగా అక్కడినుంచే చేయెత్తి అయిదు వేళ్లు నోటి దగ్గర పెట్టి, బువ్వ ఉందా అని అడిగాడు. బిక్షమ్మ బండి దగ్గరినుంచి ఉంది, రా అని చేతులాడించింది. ఆలస్యమెందుకైందని అడిగింది. వల చిక్కుకుందని ఆయన చూపించాడు. పక్క బండి అరుణమ్మ నోరు తెరుచుకొని చూసింది.

"ఏందొదినా, మొగడు పెండ్లాలు మూగ కొట్లాట పెట్టుకున్నరా?"

"కొట్లాట కాదే, ముచ్చట" అంది బిక్షమ్మ. "నోటితోని ఎన్నడు ఇన్ని మాట్లాడిండు గీయన!"

నిజమే. డేవిడ్ చేతులతో మాట్లాడడం మొదలుపెట్టాక ఆ ఇంట్లో ఆయన మాటలు ఎక్కువయ్యాయి. బువ్వ తింటూ జొన్నకు చేతులతో చేపల కతలు చెప్పేవాడు. ఎంత పెద్ద చేప తప్పించుకుపోయిందో రెండు చేతులు చాచి చూపిస్తే, జొన్న రెండు చేతుల మధ్యన చేప ఎక్కడుందా అని వెతికేది.

దసరా పోయింది, దీపావళి పోయింది. టపాకాయలకు కాలనీ కుక్కలన్నీ దాక్కుంటే జొన్న వీధి నడుమ నిలబడి వెలుగులు చూసి మురిసిపోయింది. భాగ్యశ్రీ ఫోన్లో ఫోటో మారుస్తూనే ఉంది. హైదరాబాద్ నుంచి ఒకరిద్దరు ఫోన్ చేశారు, చెవిటిదని తెలిసి మళ్లీ చేస్తామన్నారు. ఎవరన్నా దొరికారా అని బిక్షమ్మ అడగడం మానేసింది. జొన్న పొడుగు కాళ్ల, సన్నని నడుము కుక్క అయింది. కొన్ని దినాలు అన్న మాట ఇద్దరూ మరిచిపోయారు.

చలికాలంలో ఆదివారాలు సాగర్ మీద మస్తు జనం. బడిపిల్లల విహారయాత్రల బస్సులు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. అట్లాంటి ఒక ఆదివారం బండికి కట్టిన తాడు ముడి జారిందో, జొన్నే కొరికిందో, బిక్షమ్మ మూకుడులో చేపలు వేసి తిరిగి చూసేసరికి తాడు ఉంది, కుక్క లేదు. రోడ్డు అవతల ఎవరో పిల్లలు పడేసిన బిస్కెట్లు ఏరుకుంటూ జొన్న ఒక బస్సు వెనక నిలబడి ఉంది. ఆ బస్సు వెనక్కి వస్తోంది.

బిక్షమ్మ అలవాటు కొద్దీ "జొన్నా!" అని అరిచింది. లాంచీ స్టేషన్ అంతా తిరిగి చూసింది, అది తప్ప. ఉరికినా అందదు. కాలు దంచినా తారురోడ్డు అదరదు. ఆమె చేయి గిన్నె మీది అల్యూమినియం మూత అందుకుంది. ఎండకు పెట్టి తిప్పింది. మెరుపు బస్సు అద్దం మీద పడింది, డ్రైవర్ ముఖం మీద పడింది, ఆ తర్వాత జొన్న కండ్ల మీద పడింది. జొన్న తలెత్తింది. బిక్షమ్మ మూత పడేసి రెండు చేతులతో గాలిని తన వైపు లాగింది. రా, రా, రా.

జొన్న బిస్కెట్ వదిలేసి ఉరికొచ్చింది. కండ్లు చెదిరి డ్రైవర్ అప్పటికే బస్సు ఆపాడు. దిగి తిట్టబోయి, బిక్షమ్మ ముఖం చూసి మానుకున్నాడు. ఆమె కుక్కను పొట్టకు అదుముకొని, చెంప నిమురుకొని, మళ్లీ అదుముకొని, మూకుడులో మాడుతున్న చేపల సంగతి మరిచిపోయింది.

ఆ చేపల కోసం బల్ల మీద కూర్చున్నవాళ్లు ఒక పడుచు జంట. మహబూబ్‌నగర్ వాళ్లు. మనస్విని ఒక దవాఖానలో నర్సు, సాయికిరణ్ కరెంటు ఆఫీసులో పనిచేస్తాడు. మనస్విని లేచొచ్చి పొయ్యి ఆర్పింది. బిక్షమ్మకు నీళ్లిచ్చింది.

"అమ్మా, దానికి ఇనవడదా?"

"ఇనవడదు బిడ్డా."

"మీ చేతులనే చూస్తాంది. ఒక్కసారి గూడ కండ్లు తిప్పలె." ఆ అమ్మాయి వంగి జొన్న తల నిమిరింది. "గిది మీ కుక్కనేనా?"

బిక్షమ్మ అవునని చెప్పబోయింది. ఎందుకో అబద్ధం నోట్లోంచి రాలేదు. "పెంచుకునేటోళ్లు దొరికేదాంక మా కాడ ఉంటాంది" అంది.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సాయికిరణ్ అన్నాడు, "మాకిస్తరా? ప్రహరీ గోడ ఉన్న ఇల్లు, లోపట మస్తు జాగా. మా నాయిన ఇంట్లనే ఉంటడు. ఒక కుక్కను తెచ్చుకుందామని ఏడాది సంది అనుకుంటున్నం."

"దీనికి పిలిస్తె ఇనవడదు. బండ్లు కార్లు ఇనవడయి. చాలా తిప్పలు. మీతోని కాదు" అంది బిక్షమ్మ, గొంతు గట్టి చేసుకుని.

"మాకు నేర్పియ్యరాదు?" అంది మనస్విని.

ఆ సాయంత్రం ఇంట్లో డేవిడ్ తనంతట తాను మాట్లాడాడు. "ఇచ్చుడెందుకు? మనమే ఉంచుకుందాం. దాని మాట మనకు తప్ప ఎవలికి తెలుస్తది?"

బిక్షమ్మ అంది, "మా అమ్మ గూడ గిదే మాట అన్నది."

డేవిడ్‌కు తెలియని సంగతి అది. ఆయన ఆ ఇంటికి రాకముందుది. మార్తమ్మకు ఇరవై ఏండ్లప్పుడు దేవరకొండ నుంచి ఒక సంబంధం వచ్చింది. బట్టలు కుట్టే ఆయన. చర్చిలో ఆమెను చూసి ఇష్టపడ్డాడు. కట్నం వద్దన్నాడు, సైగలు నేర్చుకుంటానన్నాడు. బిక్షమ్మ అమ్మ ఒప్పుకోలేదు. అక్కడ దాని మాట ఎవరికి తెలుస్తది, ఆకలైతే ఎట్ల చెప్పుకుంటది అని ఏడ్చింది. ప్రేమతోనే ఏడ్చింది. సంబంధం వెనక్కి పోయింది. మార్తమ్మ ఆ రోజు, సంబంధం కోసం తనకు కొన్న కొత్త చీర మడిచి చెల్లెలికిచ్చి, చిటికెన వేలు విదిలించి, చేపలు కడగడానికి పోయింది. ఆ తర్వాత ఏ సంబంధమూ రాలేదు.

"నాకు గప్పుడు తెల్వలె" అంది బిక్షమ్మ. "అక్క మనకాడనే ఉంటదని సంబురపడ్డ. ఆయన నేర్చుకుంటనన్నడు గదా. నేర్చుకుంటుండెనో ఏమో."

డేవిడ్ చాలాసేపు జొన్న వీపు నిమిరాడు. తర్వాత బిక్షమ్మ దిక్కు తిరిగి, నోటితో కాదు, చేతులతో అన్నాడు. వాళ్లను రమ్మను.

భాగ్యశ్రీ మహబూబ్‌నగర్ పోయి ఇల్లు చూసొచ్చింది, బాగుందంది. ఆ తర్వాత కొన్ని ఆదివారాలు మనస్విని, సాయికిరణ్ చీకటితోనే బయలుదేరి బైకు మీద వచ్చేవాళ్లు. వాకిట్లో పుట్టి పక్కన చాప పరిచి బిక్షమ్మ బడి నడిపింది. ఆమెకు తెలిసిన బడి అది ఒక్కటే, పంతులమ్మ గర్వమంతా చూపించింది. మనస్విని చేతులు చురుకు. సాయికిరణ్ మాత్రం 'ఆగు' అనబోయి పొట్ట నిమురుకునేవాడు, జొన్న అయోమయంగా గిన్నె దిక్కు చూసేది.

"గట్ల కాదు కొడుకా, రొమ్ము మీద, రొమ్ము మీద! నువ్వు ఆకలైతాంది అంటున్నవ్."

"ఆకలి గూడ అయితాంది అమ్మా" అనేవాడు వాడు, అందరూ నవ్వేవాళ్లు.

ఒకసారి మనస్విని అడిగింది, ఈ సైగలు ఎవరు చెప్పారని. బిక్షమ్మ అక్క సంగతి చెప్పింది. మనస్విని విని, చేతి వెనకవైపుతో తన చెంప నిమురుకుంది. మార్తమ్మ చేసినట్టే చేసింది. బిక్షమ్మకు ఏడుపు ఆగలేదు. ఆ పిల్ల భయపడి క్షమించమంది. "లేదు బిడ్డా, మంచిగ చేసినవ్, అందుకే" అంది బిక్షమ్మ.

జొన్న పోయే రోజు వాళ్లు కారు కిరాయికి తెచ్చుకున్నారు. బిక్షమ్మ దాని గిన్నె, పాత చీర ముక్క, కొరికిన డేవిడ్ చెప్పు సంచిలో పెట్టింది. కారు తలుపు వేశాక జొన్న అద్దం మీద ముక్కు ఆనించి ఆమె చేతులనే చూసింది. పోయిరా అనడానికి అక్కాచెల్లెళ్ల దగ్గర సైగ లేదు. వాళ్లు ఎన్నడూ విడిపోలేదు కదా, అవసరం రాలేదు. బిక్షమ్మ ఊరికే చేయెత్తి నిలబడింది. డేవిడ్ ఆ రోజు వేళ కాని వేళ పుట్టి వేసుకొని నీళ్ల మీదికి పోయాడు.

ఎండాకాలం రాకముందే ఒకరోజు బిక్షమ్మ బండికి సెలవిచ్చి మహబూబ్‌నగర్ బయలుదేరింది. ఆడవాళ్లకు టికెట్ లేని బస్సులు, దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల దాటుకుంటూ, మధ్యలో బస్సు మారుతూ పోయింది. దారంతా ఒకటే రంది. మరిచిపోయి ఉంటుందా? మరిచిపోకుండా బెంగపెట్టుకుని ఉంటుందా? రెండిట్లో ఏది కోరుకోవాలో తెలియలేదు.

గేటు తీయగానే జొన్న ఆమె మీదికి దూకింది. ముఖం నాకింది, చుట్టూ తిరిగింది, కొంగు పట్టుకొని ఇల్లంతా చూపించింది. నిగనిగలాడుతోంది, ఎముకలు కనబడకుండా కండ పట్టింది. సాయికిరణ్ వాళ్ల నాయిన రఘుపతి, రిటైరైన కండక్టర్, మెట్ల మీద కూర్చొని మురిపెంగా చూస్తున్నాడు. "మా ఇంట్ల గిప్పుడు ఎవలూ అరుస్తలేరమ్మా" అన్నాడు. "బువ్వ తిన్నవా అని నా కోడలు నన్ను గూడ చేతులతోనే అడుగుతాంది."

మనస్విని బువ్వ పెట్టింది. తింటుండగా రఘుపతి లేచి జొన్న కండ్ల ముందుకు వచ్చి, రెండు చేతులతో తన పక్కటెముకలు గీక్కుంటూ గంతులేశాడు. బిక్షమ్మ ఆయనకు ఏదో అయిందనుకుంది. జొన్న మాత్రం బాణంలా మెట్లెక్కి డాబా మీదికి పోయింది. పైనుంచి అది మొరిగిన చప్పుడు, కొమ్మలు ఊగిన చప్పుడు.

"గదేంది అన్నా?" అంది బిక్షమ్మ ముద్ద చేతిలోనే పట్టుకొని. "గది నేను నేర్పియ్యలె గదా?"

"కోతులు" అన్నాడు రఘుపతి, ఆయాసపడుతూ. "మా జామచెట్టు మీదికి దినాం ఒస్తయి. గీ సైగ మేమే పెట్టుకున్నం. ఇంక మస్తు ఉన్నయి. కరెంటు పోతే ఒకటి, వాన ఒస్తే ఒకటి, మా చెల్లె ఒస్తే ఒకటి."

తాను నేర్పని మాట జొన్నకు వచ్చిందంటే బిక్షమ్మ మనసు ఒక్క క్షణం చివుక్కుమంది. డాబా మీంచి జొన్న తలవంచి కిందికి చూసింది, పని అయిపోయిందన్నట్టు. రఘుపతి దాన్ని చూస్తూ చెంప నిమురుకున్నాడు. అది నడుమంతా ఊపుకుంటూ మెట్లు దిగొచ్చింది.

బిక్షమ్మ ముద్ద నోట్లో పెట్టుకొని, చేయి కడుక్కొని, ఆయన ఎదుట వచ్చి కూర్చుంది.

"వాన ఒస్తే ఎట్ల? జర మెల్లగ చూపెట్టన్నా, ఇంటికి పోయి మా ఆయనకు చెప్పాలె."